చెయ్యి వాపు, కాలు వాపు: ఆపరేషన్ చేసేది ఎంత, ఇంట్లో మనం చేసేది ఎంత?



మీ ఇంట్లో ఎవరికైనా ఒక చెయ్యి గాని, ఒక కాలు గాని నెలల తరబడి వాచి ఉందా? రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తరువాత అమ్మకో, అక్కకో చెయ్యి బరువెక్కుతోందా? తాతగారికి బోదకాలు ఉండి, ఏడాదికి రెండు మూడుసార్లు చలిజ్వరం వస్తోందా? అయితే ఈ నాలుగు మాటలు మీ కోసమే. ఓపికగా చదవండి. చదువు రానివారికి చదివి వినిపించండి.

రెండేళ్ల క్రితం గురజాల వైపు పల్లె నుంచి ఒకామెను ఆమె భర్త మా ఆసుపత్రికి తీసుకువచ్చాడు. అంతకు మూడేళ్ల ముందు ఆమెకు రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ జరిగింది. చంకలోని బిళ్లలు కూడా తీసివేశారు. రేడియేషన్ ఇచ్చారు. క్యాన్సర్ అదుపులోకి వచ్చింది. కాని ఏడాది తిరిగేసరికి కుడి చెయ్యి వాయడం మొదలైంది. గాజులు పట్టడం లేదని తీసేసింది. రవిక చెయ్యి బిగుసుకుంటోందని కుట్లు విప్పించుకుంది. పైట కప్పుకుని ఎవరికీ చూపించలేదు. "అంత పెద్ద జబ్బే పోయింది, చెయ్యి వాపుదేముంది" అనుకున్నారు ఇంట్లోవాళ్లు. మిరప కోతల్లో వేలికి చిన్న పుల్ల గీరుకుంది. మరునాటికి చెయ్యంతా ఎర్రబడి, ఒళ్లు వణికిపోతూ మా దగ్గరకు వచ్చింది.

జ్వరం తగ్గాక ఆమె భర్త నన్ను వరండాలోకి పిలిచి అడిగాడు. "సిస్టరమ్మా, హైదరాబాదులో ప్లాస్టిక్ సర్జన్లు దీనికి ఆపరేషన్ చేస్తారంట గదా. ఎకరం అమ్మైనా చేయిస్తా. పూర్తిగా పోద్దా?"

ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. ఆపరేషన్ ఉంది. అది నిజమైన వైద్యమే, మోసం కాదు. కాని ఏ దశలో వెళ్లాము, వెళ్లకముందు ఏమి చేశాము, వచ్చిన తరువాత ఏమి చేస్తున్నాము అన్నదాని మీదే దాని ఫలితం ఆధారపడి ఉంటుంది. పొలం అమ్మకముందే ఈ సంగతి తెలుసుకోవాలి.

ఈ వాపు ఎందుకు వస్తుంది?

మన పల్నాడు రైతులకు ఇది తేలికగా అర్థమవుతుంది. నాగార్జునసాగర్ కుడి కాలువ నుంచి పొలానికి నీళ్లు వస్తాయి. పొలం తాగగా మిగిలిన నీరు మురుగు కాలువ గుండా బయటకు పోవాలి. ఆ మురుగు కాలువ పూడిపోతే ఏమవుతుంది? నీరు చేలోనే నిలుస్తుంది. ఏళ్ల తరబడి నిలిస్తే నేల చౌడు బారుతుంది.

మన శరీరంలోనూ అంతే. గుండె పంపిన రక్తం నుంచి కొంత నీరు, మాంసకృత్తులు కండలోకి, చర్మంలోకి ఊరుతాయి. అందులో ఎక్కువ భాగం మళ్లీ రక్తంలోకే వెళ్తుంది. మిగిలినదాన్ని తీసుకుపోవడానికి వెంట్రుకల వంటి సన్నని నాళాలు వేరుగా ఉన్నాయి. వాటిని శోషరస నాళాలు అంటారు. వాటిలో ప్రవహించే లేత పసుపు రంగు ద్రవమే శోషరసం. డాక్టర్లు దాన్ని లింఫ్ అంటారు. రోజుకు 2, 3 లీటర్ల లింఫ్ ఈ దారిన తిరిగి రక్తంలో కలుస్తుంది. దారి మధ్యలో చంకలు, గజ్జలు, మెడ దగ్గర బిళ్లలు ఉంటాయి. ఇవి లింఫ్‌ను వడపోసి, సూక్ష్మక్రిములను అడ్డుకుంటాయి. శరీరం మొత్తంలో ఇటువంటి బిళ్లలు సుమారు 600 ఉంటాయి.

ఈ దారి మూసుకుపోతే లింఫ్ చర్మం కింద నిలిచిపోతుంది. అదే లింఫెడీమా. మొదట్లో అది నీరు మాత్రమే. వేలితో నొక్కితే గుంట పడుతుంది, రాత్రి పడుకుని లేచేసరికి తగ్గుతుంది. కొంత కాలానికి అక్కడ కొవ్వు పేరుకుంటుంది, నారలాంటి గట్టి కణజాలం పెరుగుతుంది. అప్పుడు నొక్కినా గుంట పడదు, పడుకున్నా తగ్గదు. చౌడు బారిన నేల అంటే ఇదే. మొదటి దశకు, ఈ దశకు వైద్యం ఒకటి కాదు. అందుకే "తొందరగా రండి" అని మేము పదే పదే చెప్పేది.

ఎవరికి వస్తుంది?

మన ప్రాంతంలో మేము చూసే కారణాలు ముఖ్యంగా ఇవి.

1. క్యాన్సర్ వైద్యం తరువాత: రొమ్ము క్యాన్సర్‌కు చంకలోని బిళ్లలు తీసినప్పుడు, అక్కడ రేడియేషన్ ఇచ్చినప్పుడు చేతికి వస్తుంది. చంకలో బిళ్లలన్నీ తీసిన ప్రతి అయిదుగురిలో సుమారు ఒకరికి ఈ వాపు వస్తుంది. ఒకటి రెండు బిళ్లలు మాత్రమే తీసి పరీక్షించే పద్ధతిలో ఈ బాధ చాలా తక్కువ. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వైద్యం తరువాత కాళ్లకు రావచ్చు. ఆపరేషన్ అయిన వెంటనే రావచ్చు, అయిదారేళ్ల తరువాత కూడా రావచ్చు.

2. ఫైలేరియా, అంటే బోదకాలు: క్యూలెక్స్ దోమ ద్వారా వచ్చే సన్నని పురుగులు లింఫ్ నాళాల్లో కాపురముండి వాటిని పాడుచేస్తాయి. కోస్తా జిల్లాల్లో ఇది తరతరాలుగా ఉంది. అక్కడి నుంచి వచ్చి మన వైపు స్థిరపడిన కుటుంబాల్లో పెద్దవారిని చూస్తుంటాము. 2004 నుంచి దేశవ్యాప్తంగా ఇంటింటికీ డీఈసీ మాత్రలు, ఆ తరువాత వాటితోపాటు ఆల్బెండజోల్ మాత్రలు పంచుతూ వచ్చారు. మీ ఊరిలో ఇస్తే తప్పక వేసుకోండి. అవి వ్యాధి మరొకరికి పాకకుండా ఆపుతాయి. కాని ఒకసారి ఏనుగు కాలులా మారిన కాలును ఆ మాత్రలు తిరిగి సన్నబరచలేవు. దానికి వేరే సంరక్షణ కావాలి.

3. పుట్టుకతో నాళాలు సరిగా ఏర్పడకపోవడం, పెద్ద దెబ్బలు, కాలిన గాయాలు, పదే పదే వచ్చే చర్మపు ఇన్ఫెక్షన్లు.

ఒక హెచ్చరిక. ప్రతి వాపూ లింఫెడీమా కాదు. రెండు కాళ్లూ ఒకేసారి వాస్తే గుండె, మూత్రపిండాలు, కాలేయం పరీక్షించాలి. ఒక కాలు హఠాత్తుగా నొప్పితో వాస్తే సిరలో రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు. అది అత్యవసరం. క్యాన్సర్ వైద్యం అయిన వ్యక్తికి తగ్గిన వాపు ఉన్నట్టుండి పెరిగినా, చేతిలో బలం తగ్గినా, ముందుగా క్యాన్సర్ డాక్టరుకు చూపించండి. వ్యాధి తిరిగి వచ్చిందేమో చూడాలి.

ఇంట్లోనే మొదట గుర్తించడం ఎలా?

ఉంగరం, గాజులు, చెప్పు, రవిక చెయ్యి ఒక పక్కనే బిగుతుగా ఉండటం. చెయ్యి లేదా కాలు బరువుగా, లాగినట్టుగా అనిపించడం. చర్మం మీద గడియారం పట్టీ, మేజోడు అచ్చులు పడటం. ఇవి కనిపిస్తే దర్జీ వాడే టేపు తీసుకోండి. మణికట్టు దగ్గర, మోచేతికి 10 సెంటీమీటర్ల కింద, 10 సెంటీమీటర్ల పైన చుట్టుకొలత తీయండి. రెండు చేతులూ కొలవండి. రెండింటికీ మధ్య 2 సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే డాక్టరును కలవండి. నెలకొకసారి ఒకే వేళకు, ఒకే చోట కొలిచి నోటు పుస్తకంలో తేదీతో రాసుకోండి. రేపు సర్జన్ దగ్గరకు వెళ్లినప్పుడు ఆ పుస్తకం ఎంతో పనికొస్తుంది.

ప్లాస్టిక్ సర్జన్ దీనికెందుకు?

"ప్లాస్టిక్ సర్జరీ అంటే సినిమావాళ్లు ముక్కు సరిచేయించుకునేది కదా" అని చాలామంది అడుగుతారు. ఆపరేషన్‌లో ప్లాస్టిక్ పెడతారేమోనని భయపడేవారూ ఉన్నారు. ప్లాస్టిక్ అనే మాట గ్రీకు భాష నుంచి వచ్చింది. దానికి అర్థం మలచడం, రూపు ఇవ్వడం. కాలిపోయి ముడుచుకున్న చేతులను విప్పేది, యంత్రంలో తెగిన వేలిని తిరిగి అతికేది, నోటి క్యాన్సర్‌లో తీసేసిన దవడను కాలి ఎముకతో తిరిగి కట్టేది ఈ డాక్టర్లే. దీన్ని పునర్నిర్మాణ శస్త్రచికిత్స అంటారు.

ఇందులో మైక్రోసర్జరీ ఒక ప్రత్యేక విద్య. 1960లో అమెరికాలో జాకబ్‌సన్, సువారెజ్ అనే సర్జన్లు మైక్రోస్కోపు కింద సన్నని రక్తనాళాలను కుట్టి చూపించారు. 1965లో జపానులో పూర్తిగా తెగిన బొటనవేలిని కొమత్సు, తమాయ్ అనే సర్జన్లు తిరిగి అతికించారు. 1977లో ఆస్ట్రేలియాకు చెందిన ఓబ్రియెన్ బృందం లింఫ్ నాళాలను సిరలకు కలిపిన ఆపరేషన్లను వివరించింది. మన పొరుగున తంజావూరులో ఎస్. జమాల్ అనే సర్జన్ ఫైలేరియా రోగులకు ఇటువంటి ఆపరేషన్లు చేసి 1981లో ప్రచురించారు. ఆ తరువాత జపాను సర్జన్ ఇసావో కోషిమా ఒక మిల్లీమీటరు కన్నా సన్నని నాళాలను కుట్టే పద్ధతిని బాగా అభివృద్ధి చేశారు. ఆ నాళం పెన్సిలు ములుకు కన్నా సన్నం. కుట్టే దారం మన తల వెంట్రుక కన్నా సన్నం.

ఆపరేషన్లు ఎన్ని రకాలు?

స్థూలంగా రెండు రకాలు. మొదటి రకం నిలిచిన నీటికి దారి చేసేది. రెండవ రకం పేరుకున్నదాన్ని తీసేసేది.

దారి చేసే ఆపరేషన్లు:

లింఫ్ నాళాన్ని సిరకు కలపడం: పూడిన మురుగు కాలువకు గండి కొట్టి పక్క కాలువలోకి నీరు మళ్లించినట్టు, పని చేస్తున్న లింఫ్ నాళాన్ని పక్కనే ఉన్న చిన్న సిరకు కలుపుతారు. దీన్ని ఎల్.వి.ఏ. అంటారు. ముందుగా చర్మం కింద ఆకుపచ్చ రంగు మందు ఎక్కించి, ప్రత్యేక కెమెరాతో నాళాలు ఎక్కడ పని చేస్తున్నాయో చూస్తారు. 2, 3 సెంటీమీటర్ల చిన్న గాట్లు పెడతారు. చాలామందికి గాటు పెట్టిన చోట మాత్రమే మత్తు ఇచ్చి చేయవచ్చు. నాళాలు ఇంకా బతికి ఉన్న తొలి దశలో ఇది బాగా ఉపయోగపడుతుంది.

బిళ్లలను మార్చి నాటడం: గజ్జ, మెడ, గడ్డం కింద, లేక కడుపులోని కొవ్వు పొర నుంచి కొన్ని లింఫ్ బిళ్లలను వాటి రక్తనాళాలతో సహా తీసి, వాచిన చేతిలో లేక కాలిలో నాటుతారు. రక్తనాళాలను మైక్రోస్కోపు కింద కుడతారు. ఇది పెద్ద ఆపరేషన్. ఫలితం కనిపించడానికి నెలలు పడుతుంది. బిళ్లలు తీసిన చోట కొత్తగా వాపు రాకుండా సర్జన్ ఎంతో జాగ్రత్త తీసుకోవాలి.

పేరుకున్నదాన్ని తీసే ఆపరేషన్లు:

లైపోసక్షన్: నీరంతా కట్లతో తగ్గించిన తరువాత కూడా కొవ్వు మిగిలి ఉంటే, సన్నని గొట్టంతో ఆ కొవ్వును తీస్తారు. స్వీడన్‌లో బ్రోర్‌సన్ అనే సర్జన్ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. చెయ్యి పరిమాణం బాగా తగ్గుతుంది. కాని కాలువ పూడిక తీయలేదు కదా. అందువల్ల ఆ తరువాత జీవితాంతం, పగలూ రాత్రీ బిగుతు తొడుగు వేసుకోవాలి. మానేస్తే వాపు తిరిగి వస్తుంది.

అదనపు కణజాలం కోసి తీయడం: బాగా ముదిరిన బోదకాలులో వేలాడే చర్మాన్ని, గట్టి కణజాలాన్ని తీసివేస్తారు. మొత్తం తీసి చర్మం అతికే పాత పద్ధతిని చార్లెస్ ఆపరేషన్ అంటారు. గాయం మానడానికి చాలా కాలం పడుతుంది. అందుకని నడవలేని స్థితిలో ఉన్నవారికి మాత్రమే ఆలోచిస్తారు.

ఫైలేరియా వల్ల మగవారికి వచ్చే బుడ్డ సంగతి వేరు. చాలామంది సిగ్గుతో దాచుకుంటారు. దానికి మామూలు సర్జన్ చేసే ఆపరేషన్ చాలు, బాగా నయమవుతుంది. దాచుకోకుండా చూపించండి.

మరి పూర్తిగా పోతుందా?

ఇప్పుడు ఆ భర్త అడిగిన ప్రశ్నకు వద్దాము. తొలి దశలో సరైన ఆపరేషన్ జరిగితే వాపు తగ్గుతుంది, బరువు తగ్గుతుంది. జ్వరాలు తగ్గడం చాలామందికి అన్నిటికన్నా పెద్ద మేలు. కొందరికి బిగుతు తొడుగు వేసుకునే గంటలు తగ్గుతాయి. కాని వ్యాధి రాకముందు ఉన్న చెయ్యి తిరిగి వస్తుందని నిజాయితీ గల సర్జన్ ఎవరూ మాట ఇవ్వరు. "ఒక్క ఆపరేషన్‌తో శాశ్వత పరిష్కారం, ఆ తరువాత ఏ జాగ్రత్తా అక్కరలేదు" అని ఎవరైనా చెబితే డబ్బు కట్టకముందు మరొక డాక్టరు అభిప్రాయం తీసుకోండి.

సర్జన్‌ను కలిసినప్పుడు ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని అడగండి. మా మనిషిది ఏ దశ? లింఫ్ నాళాలు పని చేస్తున్నాయో లేదో పరీక్ష చేస్తారా? ఏ ఆపరేషన్, ఎందుకు? ఆపరేషన్‌కు ముందు ఎన్ని నెలలు కట్లు కట్టాలి? తరువాత తొడుగు ఎంత కాలం వేసుకోవాలి? మీరు ఇటువంటివి తరచుగా చేస్తుంటారా? మొత్తం ఖర్చు ఎంత, మళ్లీ ఎన్నిసార్లు రావాలి?

ముందుగా దగ్గరలో గుంటూరు జీజీహెచ్ ప్లాస్టిక్ సర్జరీ విభాగంలో సలహా తీసుకోవచ్చు. మాచర్ల, గురజాల వైపు వారికి గుంటూరుకు రైలు సౌకర్యం ఉంది. లింఫ్ నాళాల మైక్రోసర్జరీ హైదరాబాదు, చెన్నై, కొచ్చి వంటి నగరాల్లోని పెద్ద ఆసుపత్రులలో జరుగుతుంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్న పథకంలో మీకు చెప్పిన ఆపరేషన్ ఉందో లేదో, ఆ ఆసుపత్రిలోని పథకం సహాయ కేంద్రంలో ముందే అడగండి. రెండు కాళ్లకూ బోదకాలు బాగా ముదిరినవారికి ప్రభుత్వ పింఛను ఉంది. గ్రామ లేక వార్డు సచివాలయంలో విచారించండి.

ఇంట్లో మీరు చేయవలసినది

ఆపరేషన్‌కు వెళ్లినా, వెళ్లకపోయినా ఇవి తప్పవు. ఆపరేషన్‌కు ముందు కొన్ని నెలలు ఇవి సక్రమంగా చేసినవారికే ఫలితం బాగుంటుందని సర్జన్లు కూడా చెబుతారు.

1. శుభ్రత: వాచిన కాలిని, చేతిని రోజుకు ఒకసారైనా మామూలు నీటితో, సబ్బుతో కడగండి. వేళ్ల సందులు, చర్మం మడతలు మెత్తని పాత గుడ్డతో అద్ది తడి లేకుండా ఆరబెట్టండి. రుద్దవద్దు. సందుల్లో తెల్లగా నాని పుండ్లు పడితే శిలీంధ్రాలకు డాక్టరు ఇచ్చే మందు రాయండి. బ్రెజిల్‌లోని రెసిఫేలో డాక్టర్ జెరూసా డ్రేయర్ బోదకాలు రోగులకు ఈ సబ్బు, నీళ్ల పద్ధతే నేర్పించారు. దీంతోనే జ్వరాలు బాగా తగ్గుతాయని ఆమె అనుభవం ప్రపంచానికి చాటింది. ఖరీదు ఒక సబ్బు.

2. ఎత్తు: కూర్చున్నప్పుడు కాలిని ముక్కాలి పీట మీద పెట్టండి. పడుకున్నప్పుడు మంచం కాళ్ల వైపు రెండు ఇటుకలు పెట్టి ఎత్తు చేయండి. చేతికైతే దిండు. గుండెజబ్బు ఉన్నవారు డాక్టరును అడిగి చేయాలి.

3. కట్టు: లింఫెడీమాకు వాడే కట్టు పెద్దగా సాగనిది. బెణుకుకు కట్టే సాగే క్రేప్ కట్టు దానికి బదులు కాదు. వేళ్ల దగ్గర ఎక్కువ బిగువుగా మొదలుపెట్టి, పైకి వెళ్లేకొద్దీ బిగువు తగ్గిస్తూ కట్టాలి. కుటుంబంలో ఒకరు మా ఫిజియోథెరపీ విభాగానికి వచ్చి నేర్చుకోండి. వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి పుట్టినా వెంటనే విప్పండి. షుగరు ఉన్నవారికి, కాలి రక్తనాళాలు మూసుకున్నవారికి డాక్టరు చూడకుండా కట్టవద్దు. వాపు తగ్గాక కొలిచి కుట్టిన బిగుతు తొడుగు వాడాలి. అది ఆరు నెలలకు సడలిపోతుంది, మార్చాలి.

4. తేలికపాటి మర్దన: నూనె పోసి గట్టిగా పిసికేది కాదు. చర్మాన్ని మాత్రమే మెల్లగా జరుపుతూ, ముందు ఛాతీ వైపు, తరువాత చేతి వైపు దారి చేసే పద్ధతి. నేర్చుకున్నవారే చేయాలి.

5. కదలిక: పాదాన్ని పైకీ కిందకీ ఆడించడం, పిడికిలి బిగించి విప్పడం, నడవడం. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. "ఆ చేత్తో బిందె కూడా ఎత్తవద్దు" అని ఒకప్పుడు మేమూ చెప్పేవాళ్లం. 2009లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద పరిశోధన ఆ మాటను మార్చింది. శిక్షకుల పర్యవేక్షణలో బరువులు కొద్దికొద్దిగా పెంచుతూ ఎత్తిన స్త్రీలకు వాపు పెరగలేదు. కాబట్టి చెయ్యిని మూలన పెట్టవద్దు. బిగుతు తొడుగు వేసుకుని, నెమ్మదిగా అలవాటు చేయండి. ఒక్కరోజే పది బస్తాలు మోయించవద్దు.

6. రక్షణ: చేలోకి వెళ్తే చెప్పులు, చేతులకు తొడుగులు. వంటింట్లో కత్తి, నూనె దగ్గర జాగ్రత్త. గోళ్లు పొట్టిగా కత్తిరించాలి. ఇంజెక్షన్, సెలైన్ సూది, రక్తపోటు పరీక్ష వీలున్నంతవరకు రెండవ చేతికి చేయమని నర్సుకు చెప్పండి. అధిక బరువు ఉంటే తగ్గించుకోవాలి.

చలిజ్వరం వస్తే ఆగవద్దు

ఉన్నట్టుండి చెయ్యి గాని కాలు గాని ఎర్రబడి, వేడెక్కి, నొప్పి పుట్టి, చలిజ్వరం వస్తే అది చర్మంలోకి సూక్ష్మక్రిములు చేరడం వల్ల. నిలిచిన నీటిలో అవి త్వరగా పెరుగుతాయి. "రేపు చూద్దాం" అనవద్దు. అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి. యాంటీబయోటిక్ మందులు డాక్టరు చెప్పినన్ని రోజులూ వాడాలి. ఆ సమయంలో కట్టు, మర్దన, వ్యాయామం ఆపి, విశ్రాంతి ఇచ్చి, ఎత్తులో పెట్టి, చల్లని తడిగుడ్డ వేయండి. వచ్చిన ప్రతి జ్వరం మిగిలిన నాళాలను మరికొన్నిటిని పాడు చేసి వెళ్తుంది. తరచుగా వచ్చేవారికి డాక్టరు దీర్ఘకాలం పెన్సిలిన్ ఇవ్వవచ్చు.

చేయకూడనివి

వాతలు పెట్టించవద్దు. జలగలు, గాట్లు, వేడి కాపడాలు, పసరు కట్లు వద్దు. సూదితో పొడిచి నీరు తీయించవద్దు. నీరు పోయే మాత్రలు సొంతంగా వాడవద్దు. అవి ఈ వాపుకు పనికిరావు. ఏళ్ల తరబడి ఉన్న వాపు మీద ఊదారంగు మచ్చలు, మానని పుండు కనిపిస్తే ఆలస్యం చేయకండి. అరుదే అయినా, అది ఒక రకం క్యాన్సర్ కావచ్చు.

చివరిగా

గురజాల వైపు నుంచి వచ్చిన ఆమె సంగతి చెప్పాలి. వాళ్లు పొలం అమ్మలేదు. హైదరాబాదులో సర్జన్ చూసి, "ముందు మూడు నెలలు కట్లు కట్టి రండి" అని పంపించాడు. భర్త మా దగ్గర పది రోజులు వచ్చి కట్టు కట్టడం నేర్చుకున్నాడు. మొదట్లో అతని కట్టు గడ్డిమోపు కట్టినట్టుండేది. నెల తిరిగేసరికి నాకన్నా బాగా కట్టసాగాడు. మూడు నెలలకు చెయ్యి సగానికి సగం మెత్తబడింది. అప్పుడు ఎల్.వి.ఏ. ఆపరేషన్ జరిగింది. ఇప్పుడు రెండు చేతులకూ కొంత తేడా ఉంది. పగలు తొడుగు వేసుకుంటుంది. ఆపరేషన్ తరువాత జ్వరం రాలేదు. కిందటి నెల చూపించుకోవడానికి వచ్చినప్పుడు కుడి చేతికి రెండు గాజులున్నాయి. తాను అడగకుండానే చెయ్యి చాపి నాకు చూపించింది.

మాచర్ల నుంచి వచ్చే ఒక పెద్దాయన ఉన్నాడు. కృష్ణా డెల్టా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. ముప్ఫయ్యేళ్ల బోదకాలు. వయసును బట్టి, షుగరును బట్టి ఆపరేషన్ వద్దన్నారు డాక్టర్లు. కోడలు రోజూ సాయంత్రం ప్లాస్టిక్ టబ్బులో కాలు పెట్టించి కడుగుతుంది. వేళ్ల సందులు తుడుస్తుంది. "మామయ్యా, కాలు పీట మీద పెట్టు" అని గుర్తుచేస్తుంది. ఏడాదికి నాలుగుసార్లు జ్వరంతో మంచాన పడే మనిషికి కిందటేడు ఒక్కసారే వచ్చింది. కాలు సన్నబడలేదు. కాని ఆయన తన కాళ్ల మీద బజారుకు వెళ్లి వస్తున్నాడు.

ఒకరికి సర్జన్ మైక్రోస్కోపు కింద దారి చేశాడు. ఇంకొకరికి ఆ దారి లేదు. ఇద్దరినీ నిలబెట్టింది మాత్రం ఇంట్లోవాళ్ల చేతులే. వాపును దాచకండి, సిగ్గుపడనివ్వకండి. నొక్కితే గుంట పడే దశలోనే తీసుకురండి. కట్టు కట్టడం నేర్చుకోవాలనుకునేవారు ఉదయం ఓపీ వేళల్లో వచ్చి డ్యూటీలో ఉన్న సిస్టరును అడగండి. రోగితోపాటు ఇంట్లోవాళ్లు ఒకరు తప్పక రండి. వచ్చేటప్పుడు కొలతలు రాసిన పుస్తకం మరచిపోవద్దు.